చేదు లేని గోలీ

"ఈ గోలీ చేదు లేదు, అత్తమ్మా."

అన్నం పళ్లెం ముందు కూర్చున్న త్రివేణి గోలీని నాలుక మీద అటూ ఇటూ తిప్పి ఆ మాట అంది. పొయ్యి దగ్గర జొన్నరొట్టె కాలుస్తున్న శాంతమ్మ వెనక్కి తిరగలేదు.

"కంపెనీ మార్చిన్రట బిడ్డా. చేదు తీసేసిన్రట. మంచిదే గద, మింగు."

త్రివేణి మింగింది. అత్త చేతి గోలీని అనుమానించాలన్న ఆలోచన ఆ పిల్లకు లేదు. ఎందుకుంటుంది? వేళ్లు కణుపుల దగ్గర వాచిపోయి, గోలీ పట్టీ మీది రేకును నొక్కలేక ఏడ్చిన రోజు నుంచీ శాంతమ్మే గోలీలు తీసి అరచేతిలో పెడుతోంది. చిక్కుడుగింజలు ఒలిచినట్టు ఒలిచి, కోడలి చేతిలో పోసి, మింగేదాకా నిలబడి, చెంబు తీసుకుని పోతుంది. జహీరాబాద్‌లో ఆ గల్లీ గల్లీ అంతా చెప్పుకునేది: అత్త అంటే శాంతమ్మ.

ఆ శాంతమ్మే గోలీలు మార్చింది.

అసలు గోలీలను బియ్యం డబ్బా అడుగున దాచింది. మందుల దుకాణంలో "బలానికి తెల్లగోలీలు ఇయ్యి, చిన్నవి కొన్ని, జర పెద్దవి కొన్ని" అని అడిగి తెచ్చినవి కోడలి చేతిలో పోసింది. చంపాలని కాదు. చంపాలని చేసి ఉంటే ఈ కథ పోలీసులు రాసుకునేవాళ్లు. బతికించాలని చేసింది.

త్రివేణికి ఉన్న రోగం లూపస్. ఒంటిని కాపాడాల్సిన రక్తమే ఒంటి మీద తిరగబడే రోగం. ఆ పేరు దొరకడానికే ఏళ్లు పట్టింది. ఊళ్లో ఒకాయన కీళ్లవాతం అన్నాడు. ఇంకొకాయన రక్తం తక్కువ అన్నాడు. బీదర్‌లో చర్మం డాక్టరు బుగ్గల మీది ఎర్రమచ్చకు పూతమందు రాశాడు. మధ్యలో రెండు కడుపులు పోయాయి. కడుపు పోతే ఆడదాన్నే నిలబెట్టి అడుగుతారు గాని, దాని రక్తాన్ని పరీక్ష చేద్దామని ఎవరికి తోస్తుంది? చివరికి హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో పేరు పెట్టారు. ఎండకు పోవద్దు, గోలీలు మానొద్దు అన్నారు. మానితే ఆ రోగం ఎక్కడికి ఎక్కుతుందో చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. బయట లైను ఉంది. ఆ "మానొద్దు" అన్న ఒక్క మాట కూడా కొడుకు బస్వరాజ్‌తోనే అన్నారు. రొట్టె పెట్టి, గోలీ పెట్టే మనిషి తలుపు బయట సంచి పట్టుకుని నిలబడి ఉంది.

గోలీలు పని చేశాయి. కీళ్లు వదిలాయి. త్రివేణి మళ్లీ కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఆ పిల్ల దగ్గర ఒక విద్య ఉంది: కొలతలు రాసుకోదు. గల్లీలో ఎవరి భుజమెంతో, ఎవరి చంకెంతో ఒకసారి టేపు పెట్టి చూస్తే చాలు, ఏడాది తర్వాత కూడా తలలోంచి తీసి బట్ట మీద సుద్దతో గీసేస్తుంది. కానీ మూత్రంలో ఏదో పోతోందని మొన్న గోలీలు పెంచారు. పెంచాక ముఖం ఉబ్బింది. మెడ వెనక కండ పెరిగింది. పై పెదవి మీద నూగు వచ్చింది. అన్నం తిని లేచి మళ్లీ అన్నం అడిగేది. అడిగి సిగ్గుపడి ఏడ్చేది.

పక్కింటి ఎల్లమ్మ ఊరుకుంటుందా?

"ఏందే శాంతక్కా, నీ కోడలు నూనెల ఏసిన పూరీ లెక్క పొంగింది?"

"గోలీలు ఎల్లమ్మా."

"గా గోలీలు ఒంట్ల బొక్కలు తింటయే! రేపు లేవలేదు, కూసోలేదు. న్యాల్‌కల్ అవుతల ఒక ముసలాయన ఉన్నడు. మా ఆడిబిడ్డకు నడుములు పడిపోతే నడిపిచ్చిండు. ఒక్కపారి పోయి రారాదు?"

శాంతమ్మ పోయింది. ముసలాయన వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని, కోడలి పేరు అడిగి, నాడి చూడకుండానే పొడి కట్టి ఇచ్చాడు. పథ్యం చెప్పాడు.

"వంకాయ బంద్. పులుపు బంద్. ఇంగ్లీషు గోలీ మొత్తం బంద్. రెండు మందులు ఒక్క కడుపుల పడితె కొట్లాడుకుంటయ్. నా మందు పారదు. మల్ల నన్ననొద్దు."

పథ్యం అన్న మాట దగ్గర శాంతమ్మ పడిపోయింది. ఆమెకు పథ్యం అంటే దేవుడి పని. బస్వరాజ్ చిన్నప్పుడు కామెర్లతో పసుపుముద్దలా అయిపోతే పసరు పోయించి, ఉప్పులేని జొన్న గట్క పెట్టి దక్కించుకుంది. ఆ ఇంట్లో ఒక రివాజు ఉంది. రోగి ఒక్కరే పథ్యం పట్టరు, రోగికి వండి పెట్టే మనిషి కూడా పట్టాలి. అప్పుడు కొడుకుతో పాటు తానూ ఉప్పు మానేసింది. ఇప్పుడు కోడలితో పాటు వంకాయ మానేసింది, చింతపండు మానేసింది. ఇంగ్లీషు గోలీ అన్నాడు కదా అని, ఎవరికీ చెప్పకుండా తన బీపీ గోలీ కూడా మానేసింది.

త్రివేణి ఇంటర్ చదివిన పిల్ల. అడిగితే ఒప్పుకోదు. ఒకసారి అడిగి చూసింది కూడా. "గోలీలు బంద్ పెట్టుడా? డాక్టర్ సంపుతడు అత్తమ్మా" అని నవ్వేసింది. అందుకే శాంతమ్మ పొడిని బెల్లంలో కలిపి బలానికని పెట్టింది. గోలీలు మార్చింది.

మొదట ముఖం దిగింది. అబ్బ, ఎంత సంబరం! గల్లీలో ఎల్లమ్మ చప్పట్లు కొట్టింది. బస్వరాజ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి పెళ్లాం గడ్డం పట్టుకుని చూసి "పాత త్రివేణి వచ్చింది అవ్వా" అన్నాడు. శాంతమ్మ దేవుడి ముందు విబూది పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. గెలిచానని అనుకుంది.

తర్వాత నోట్లో పుండ్లు వచ్చాయి. బుగ్గల మీద ఎర్రమచ్చ మళ్లీ పాకింది. దిండు మీద జుట్టు పోగులు పోగులుగా ఉండేది. లేస్తే కళ్లు తిరిగేవి. "మందు రోగాన్ని బయటికి గుంజుతున్నది, ఫికర్ చెయ్యకు" అని ముసలాయన కబురు పంపాడు. శాంతమ్మ నమ్మింది. నమ్మకపోతే తాను చేసిందేమిటో చూసుకోవాలి. అంతకంటే నమ్మడమే సుఖం.

తర్వాత నిద్ర పట్టకుండా పోయింది. ఆ తర్వాత మాట మారింది.

ఒక పొద్దున త్రివేణి జొన్నల డ్రమ్ముకు చెవి ఆనించి కూర్చుంది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"ఉష్! అండ్ల ఎవరో నా పేరు పిలుస్తున్నరు."

టీవీలో వార్తలు చదివే ఆమె తన జాకెట్టు కొలతలు అందరికీ చెబుతోందని టీవీకి దుప్పటి కప్పింది. కుట్టడానికి వచ్చిన బట్టలన్నీ వాకిట్లో పోసి ఇవి చచ్చినోళ్లవి అంది. ఎల్లమ్మ గడప దాటి లోపలికి రాకుండానే "గాలి సోకిందే" అని వెనక్కి పోయింది.

ఆ మధ్యాహ్నమే బస్వరాజ్ షిఫ్టు దిగి వచ్చాడు. చెప్పులు విప్పక ముందే త్రివేణి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. కళ్లు మాత్రం స్థిరంగా ఉన్నాయి.

"నీకొకటి చెప్పాలె. అత్తమ్మ నా గోలీలు మార్చింది. చేదు గోలీలు తీసేసి చేదు లేనియి పెడుతున్నది. డ్రమ్ము గూడ గదే చెప్పింది."

ఎప్పుడూ చెయ్యెత్తని బస్వరాజ్ చెంప మీద కొట్టాడు.

"ఎవలి గురించి అంటున్నవే? నీ ఎంటికలు దువ్వేది ఎవరు? నీకు అన్నం కలిపి పెట్టేది ఎవరు? నా అవ్వను అంటవా?"

శాంతమ్మ పరుగెత్తుకొచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది. అప్పటికే దెబ్బ పడింది. "కొట్టకురా, పానం బాగలేని పిల్ల" అంది. అదే మాట అంది. "పిల్ల చెప్పింది నిజంరా" అని అనలేదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. చూస్తే కొడుకు కళ్లలో నీళ్లు. తల్లి మీద నిందకు వచ్చిన నీళ్లు. శాంతమ్మ మాట మింగేసింది.

త్రివేణి ఏడవలేదు. చెంప పట్టుకుని అత్తనే చూసింది.

ఆ సాయంత్రం శాంతమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అసలు గోలీలు బయటికి తీసింది. మళ్లీ మొదలుపెడితే అంతా సర్దుకుంటుంది, ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు అనుకుంది. దొంగ దొంగిలించిన చోటే సొమ్ము పెట్టి వచ్చినట్టు. కోడలి చేతిలో పోసింది. త్రివేణి నాలుక మీద పెట్టుకుని ఎగిరి నిలబడింది.

"చేదుంది! ఇయ్యాల చేదుంది! నిన్న లేదు. ఎందుకు లేదు? చెప్పు!"

గోలీలన్నీ గోడకేసి ఉమ్మేసింది. బస్వరాజ్ తల పట్టుకున్నాడు.

"చేదు లేకున్నా అనుమానమే, చేదున్నా అనుమానమే. ఎట్ల చేద్దాం అవ్వా దీన్ని?"

గోడ మీంచి కారిన తెల్లటి ఉమ్మిని శాంతమ్మ కొంగుతో తుడిచింది.

తెల్లారి త్రివేణికి ఫిట్స్ వచ్చాయి. నోట్లో నురగ, కాళ్లు చేతులు కొట్టుకోవడం. గల్లీ చివర ఆటో పెట్టుకునే బాబా మియా పిలవకుండానే వచ్చి, "ఎల్లమ్మా, గాలీ గీలీ తర్వాత, ముందు కాళ్లు పట్టు" అని కసిరి ఎత్తించాడు. స్థానిక దవాఖానలో సూది వేసి, ఇది మా వల్ల కాదని అంబులెన్స్ ఎక్కించారు.

పెద్ద దవాఖానలో వార్డు డాక్టరు రుచిత. చిన్న వయసు, పెద్ద గొంతు, కళ్ల కింద నలుపు. త్రివేణి మంచం పక్కన నిలబడే అడిగింది. కుర్చీ ఎక్కడుంది గనుక?

"ఇదివరకు ఫిట్స్ వచ్చాయా?"

"లేదు మేడం."

"కడుపు పోయిందా ఎప్పుడైనా?"

"రెండుసార్లు."

"కాళ్లలో రక్తం గడ్డకట్టిందని ఎవరైనా అన్నారా? బీపీ? ఎండలో పని?"

బస్వరాజ్ ఒక్కొక్కదానికి జవాబు చెబుతుంటే డాక్టరు తల ఊపుతూ రాసుకుంది. తర్వాత కలం ఆపింది.

"వినండి. లూపస్ కొంతమందికి మెదడుకు ఎక్కుతుంది. ఎవరికి ఎక్కుతుంది? రోగం అదుపులో లేనోళ్లకు. రక్తం గడ్డకట్టే గుణం ఉన్నోళ్లకు. కడుపులు పోవడం కూడా దానికే గుర్తు కావచ్చు. ముందొకసారి ఫిట్స్‌గానీ, పక్షవాతంగానీ వచ్చినోళ్లకు. మధ్యలో మందులు మానేసినోళ్లకు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈమెకు పెంచి ఇచ్చిన గోలీ, అది ఎక్కువైతే అది కూడా మనిషికి పిచ్చెక్కించగలదు. గోలీ వల్ల వస్తే గోలీ తగ్గించాలి. రోగం వల్ల వస్తే ఇంకా పెంచాలి, రక్తనాళంలోకి ఎక్కించాలి. ఒకదానికి ఒకటి ఉల్టా. తప్పు చేస్తే మెదడు దెబ్బతింటుంది, తిరిగి రాదు. అందుకే అడుగుతున్న. గోలీలు సక్కగా వేసుకుందా?"

"ఒక్క పూట గూడ ఇడ్సిపెట్టలే మేడం," అన్నాడు బస్వరాజ్. ఛాతీ ముందుకొచ్చింది. "మా అవ్వ సొంత చేతులతోని ఇస్తది. మింగేదాక కదలదు. అడుగున్రి."

డాక్టరు శాంతమ్మ వైపు చూసింది. శాంతమ్మ తల ఊపింది. అవునని ఊపిందో, ఏమని ఊపిందో ఆమెకే తెలియదు. డాక్టరు అవునని రాసుకుంది.

మంచం మీద నుంచి త్రివేణి అంది: "అబద్ధం. గోలీలు మార్చింది. చేదు లేవు. డ్రమ్ము నాకు చెప్పింది."

డాక్టరు బస్వరాజ్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "ఇంట్లోవాళ్ల మీద అనుమానం ఈ స్థితిలో మామూలే. మనసుకు తీసుకోకండి. అమ్మకు కూడా చెప్పండి."

బస్వరాజ్ తల్లి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు అవ్వా. అది రోగం మాట్లాడిస్తున్న మాట. డాక్టరమ్మ గూడ గదే అన్నది."

శాంతమ్మకు అప్పుడు తెలిసింది, తాను తప్పించుకున్నానని. ఈ లోకంలో ఆ నిజం తెలిసిన మనిషి ఇంకొకరే ఉన్నారు, ఆమె మాట ఇక ఎవరూ నమ్మరు. ముందే పిచ్చిదని రాసేశారు. ఇంతకంటే మంచి తాళం ఏ దొంగకు దొరుకుతుంది?

మెదడు స్కానింగ్‌కు లైను ఉంది. పేరు రాసుకున్నారు, పిలుస్తామన్నారు. వెన్నులోంచి నీరు తీసే పరీక్షకు త్రివేణి మంచం మీద నిలవడం లేదు. అంతలో పెద్దసారు రౌండుకు వచ్చాడు. కాగితం తిరగేశాడు. గోలీలు సక్కగా వేసుకుంది, మోతాదు ఎక్కువ, గోలీ వల్లే అయి ఉంటుంది, ముందు తగ్గించి చూద్దాం అని పక్క మంచానికి పోయాడు. ఆయన ముందున్న కాగితం ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. కాగితమే తప్పు.

శాంతమ్మ వరండాలోకి వచ్చి నల్లా దగ్గర చెంబు కడిగింది. కడిగిందే కడిగింది. పక్కన, రోగంతో ఉన్న కూతురికి తోడుగా రాయికోడ్ నుంచి వచ్చిన ఒక ఆడమనిషి పలకరించింది.

"నీ కోడలా అమ్మా? పొద్దటిసంది చూస్తున్న, బిడ్డ లెక్క చేస్తున్నవ్. మా బిడ్డ అత్తను గుంజుకొచ్చి నిన్ను చూపియ్యాలె. గా ముండ ఒక్కపారి తొంగి చూడలె."

"గట్ల అనకు," అంది శాంతమ్మ.

"ఎందుకనొద్దు? ఉన్నమాటే అంటున్న. నీ అసొంటి అత్త ఊరికొక్కతి ఉంటే చాలు."

శాంతమ్మ చెంబు అక్కడే వదిలేసి లోపలికి వచ్చింది. నర్సు మధ్యాహ్నం మందులు తెచ్చింది. పొద్దుటి కంటే తక్కువ గోలీలు అరచేతిలో. ఇక్కడ అత్త కాక నర్సు ఒలిచి పెడుతోంది కాబట్టి త్రివేణి ఉమ్మకుండా మింగుతోంది. గోలీల వైపు చూసింది, తర్వాత అత్త వైపు చూసింది. నవ్వింది. వాచిన పెదవులతో, పుండ్ల నోటితో నవ్వు.

"తగ్గినయ్. డాక్టర్‌కు గూడ నేర్పినవా, అత్తమ్మా?"

శాంతమ్మ అక్కడ ఇంక నిలబడలేకపోయింది. రుచిత వార్డు చివర ఇంకెవరికో రక్తం తీస్తోంది. పోయి తెల్లకోటు చెయ్యి పట్టుకుని గుంజింది.

"ఆగమ్మా, సూది ఉంది చేతిలో!"

"గోలీలు తగ్గియ్యకు. నా కోడలు గోలీలు ఏసుకోలే."

"వేసుకుందన్నారు కదా?"

"నేను మార్చిన. పిల్లకు తెల్వదు. నా కొడుకుకు తెల్వదు. పథ్యం పెట్టిన. బలం గోలీలు ఇచ్చి అసలియి దాచిపెట్టిన. పిల్ల చెప్తున్నది నిజం. పిల్లది పిచ్చి కాదు... అంటె, డ్రమ్ము మాట పిచ్చే. గోలీ మాట నిజం."

రుచిత సూది ట్రేలో పెట్టింది. ముఖంలో జాలి లేదు, కోపానికి తీరిక లేదు.

"రెండు రకాలూ మార్చావా? పెద్దవి, చిన్నవి?"

"రెండు."

"పూర్తిగా బంద్? ఎప్పటినుంచి?"

"పూర్తిగ. ముఖం దిగకముందు నుంచి. నెల దాటింది. మొన్న ఒక్కపారి ఇచ్చిన, ఉమ్మింది."

"ఇంకేం పెట్టావు?"

"పొడి. బెల్లంల. నేను గూడ పథ్యం పట్టిన మేడం. నా బీపీ గోలీ గూడ బంద్ పెట్టిన. ఒట్టు."

డాక్టరు ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "నీ బీపీ గోలీ మానేస్తే ఆమె రోగం తగ్గుతుందా? ఎవరు చెప్పారు నీకు? ... ఆ మాట పొద్దున చెప్పి ఉంటే ఒక పూట మిగిలేది. ఈ రోగంలో పూట అంటే తెలుసా నీకు?"

"తెల్వదు. ఎవలు చెప్పలే."

డాక్టరు ట్రే అక్కడే వదిలేసింది. పరుగెత్తింది. కాగితం మీద రాసింది కొట్టేసి మళ్లీ రాసింది, పెద్దసారుకు ఫోను చేసింది, రక్తనాళంలోకి మందు ఎక్కించే సీసా తెప్పించింది. వెళ్లబోతుంటే శాంతమ్మ మళ్లీ పట్టుకుంది.

"నా కొడుకుకు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

"నేను కాగితంలో రాశాను. మైకులో చెప్పను. ఇంట్లో ఎవరికి చెప్పాలో అది నీ పని. నువ్వే చెయ్యాలి."

మందు ఎక్కింది. రోజుకొకటి చొప్పున సీసాలు ఎక్కాయి. స్కానింగ్ పిలుపు చివరికి వచ్చింది; మెదడులో చిన్న చిన్న మచ్చలున్నాయని, రక్తం పలచబడే మందు కూడా జీవితాంతం కావాలని అన్నారు. త్రివేణికి వినిపించే గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒక ఉదయం త్రివేణి లేచి, కిటికీ చూసి, మొగుణ్ని చూసి, "నా కుట్టుబట్టలు ఎవలు చూస్తున్నరు?" అని అడిగింది. బస్వరాజ్ వరండాలోకి పోయి గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు. శాంతమ్మ కూడా ఏడ్చింది. ఇద్దరూ ఒక్కందుకే ఏడుస్తున్నారని చూసినవాళ్లు అనుకున్నారు.

జహీరాబాద్ తిరిగి వచ్చారు. త్రివేణి తిరిగి వచ్చింది గాని మొత్తం రాలేదు. కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. సుద్దతో గీత గీస్తే వంకర పోతోంది. ఎల్లమ్మ జాకెట్టు బట్ట తెచ్చి ఇస్తే త్రివేణి బట్ట పరిచి, సుద్ద అందుకుని, ఆగింది.

"నీ కొలత యాదికి వస్తలేదు ఎల్లమ్మత్తా."

"నాది యాదికి రాకపోవుడేందే? గల్లీల అందరికన్న లావుదాన్ని!" ఎల్లమ్మ నవ్వింది. త్రివేణి నవ్వలేదు. టేపు తెచ్చుకుంది. చూసిన కొలత టేపు చుట్టేలోపే మరిచిపోయి మళ్లీ పెట్టింది.

అదొక్కటే అయితే శాంతమ్మ ఎట్లాగో మోసేది. ఇంకొకటి ఉంది. త్రివేణి తన తలను తాను నమ్మడం మానేసింది. కూరలో ఉప్పు వేసి, "ఏసిన్నా అత్తమ్మా?" అని అడిగేది. వాకిట్లో ఎవరో పిలిస్తే, "నిజంగ పిలిచిన్రా?" అని అడిగేది. ప్రతిదానికీ అత్త ముఖం చూసేది. అత్త అవునంటే అవును, కాదంటే కాదు.

ఒక మధ్యాహ్నం అందరూ ఇంట్లోనే ఉన్నారు. బస్వరాజ్‌కు వారపు సెలవు. ఎల్లమ్మ జాకెట్టు కోసం వచ్చి గడప మీద కూర్చుంది. శాంతమ్మ గోలీలు ఒలిచి కోడలి చేతిలో పోసింది. త్రివేణి ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుని ఆగింది. తీసి మళ్లీ అరచేతిలో పెట్టుకుంది.

"అత్తమ్మా, నేను నిన్ను ఏమేమో అన్ననట. ఆయన చెప్పిండు. గోలీలు మార్చినవని అన్ననట. దవాఖానల గూడ అందరి ముందట అన్ననట." తల వంచుకుంది. "తప్పయింది. గా రోగం అనిపిచ్చింది. మనసుల పెట్టుకోకు."

"పోనీ తియ్యే," అన్నాడు బస్వరాజ్. "అవ్వ ఎప్పుడో మర్చిపోయింది."

"నాకు మాత్రం ఇప్పటికి గట్లనే అనిపిస్తది. అప్పుడు చేదు లేకుండె అని నాలుకకు మస్తు యాదికుంది. ఎల్లమ్మత్త కొలత యాదికి లేదు గాని గిది యాదికుంది. ఎంత పిచ్చిదో సూడు నా నాలుక." గోలీ ఉన్న చెయ్యి చాచింది. చెయ్యి వణుకుతోంది. "ఇది చేదుందా అత్తమ్మా? నువ్వు సూసి చెప్పు. నాకు చేదు అనిపిస్తున్నది. నిజంగ చేదేనా?"

శాంతమ్మ ఆ గోలీ తీసుకుంది. నాలుకకు అంటించింది. కుంకుడుకాయ పిసికిన నీళ్లంత చేదు. ఆ చేదు ఎట్లుంటుందో ఆమెకు అప్పటిదాకా తెలియదు. అన్ని రోజులు ఒలిచి పెట్టింది గాని, ఒక్కనాడు నాలుక మీద వేసుకుని చూసిన పాపాన పోలేదు.

"చేదుంది బిడ్డా," అంది. "అప్పుడు లేకుండె. నీ నాలుక మంచిదే. నేనే మార్చిన."

గడప మీద ఎల్లమ్మ నోట్లో వక్క ఆగిపోయింది.

"ముఖం ఉబ్బిందని, బొక్కలు తింటయని, ఎల్లమ్మ చెప్పిన ముసలాయన దగ్గరికి పోయిన. పథ్యం అన్నడు. అసలియి బియ్యం డబ్బాల దాచిన. చేదు లేదని నువ్వు అడిగితే కంపెనీ మార్చిన్రని అబద్ధం చెప్పిన. గది ఏసుకోకనే రోగం తలకెక్కింది. నీ కొలతలు నేనే తిన్న."

బస్వరాజ్ లేచి నిలబడ్డాడు. "అవ్వా," అన్నాడు. పెళ్లాన్ని కొట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అట్లాగే నిలబడి, తర్వాత వాకిట్లోకి పోయాడు. ఎల్లమ్మ జాకెట్టు తీసుకోకుండానే ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు.

త్రివేణి గోడ మూలనున్న డ్రమ్ము వైపు చూసింది.

"డ్రమ్ము మాట్లాడిందా?"

"లేదు బిడ్డా. డ్రమ్ము మాట్లాడలే."

"టీవీల ఆమె?"

"లేదు. గది రోగం."

"గోలీ?"

"గోలీ నిజం."

"ఆయన నన్ను కొట్టింది?"

"నిజం. నేను పక్కనే ఉన్న. నిజం చెప్పలే."

త్రివేణి ఒక్కొక్కటి అడిగింది. బట్టలు చచ్చినోళ్లవా, కాదా. ఎల్లమ్మ గాలి అన్నదా, లేదా. దవాఖానలో గోలీలు నిజంగా తగ్గాయా. శాంతమ్మ ఒక్కొక్కదానికి జవాబు చెప్పింది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఆ పిల్ల తలలోంచి అబద్ధాలు తీసి ఒక పక్క, నిజాలు ఒక పక్క పెడుతున్నారు ఇద్దరూ. అడగడం అయిపోయాక త్రివేణి ఏడ్వలేదు, తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. శాంతమ్మ ఆ మాట కోసం ఎదురుచూసింది. రాలేదు.

త్రివేణి చెయ్యి చాచి గోలీల పట్టీ తీసుకుంది. వణికే బొటనవేలితో రేకును నొక్కింది. చిరగలేదు. మళ్లీ నొక్కింది. శాంతమ్మ చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు వచ్చింది.

"వద్దు," అంది త్రివేణి.

పళ్లతో రేకు అంచు కొరికింది. గోలీ ఎగిరి నేల మీద పడి దొర్లింది. వంగి, వెతికి, తీసుకుని, కొంగుకు తుడిచి నాలుక మీద పెట్టుకుంది. ముఖం ముడుచుకుంది.

"చేదుంది," అంది. ఎవరినీ అడగలేదు.

చెంబు కోసం తానే లేచింది.